రాకెట్టు మొక్కు.. రోకలి లెక్క

శ్రీహరికోటలో రాకెట్టు లేచే ముందు దాని బొమ్మ తిరుమల కొండకు చేరుతుంది. ఆ వెంటనే మొదలవుతుంది వాదన. 'సైన్సువాళ్లకు దేవుడెందుకు?' అని ఒకరు, 'ఎందుకుండకూడదు?' అని ఇంకొకరు! ఇది ఢిల్లీలో జరిగితే టీవీ చర్చ, బెంగళూరులో జరిగితే పత్రికా ప్రకటన. తిరుపతి, చిత్తూరు ఇళ్లల్లో మాత్రం అన్నం తింటూ అనుకునే మాట.

2023 జులై 13, గురువారం. చంద్రయాన్-3 ఎగరడానికి సరిగ్గా ఒక్కరోజు ముందు. ఇస్రో శాస్త్రవేత్తల బృందం ఒకటి తిరుమల వచ్చింది. వాళ్ల చేతుల్లో చంద్రయాన్ చిన్న నమూనా. దాన్ని స్వామి సన్నిధిలో పెట్టి పూజ చేయించి, ప్రసాదం తీసుకుని కొండ దిగారు. అటు సూళ్లూరుపేటలో ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ చెంగాళమ్మ తల్లిని దర్శించుకున్నారు. సాయంత్రానికల్లా ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. కర్ణాటకలో కొందరు రచయితలు, ఆలోచనాపరులు ఇదేం పద్ధతని తప్పుపట్టారు. శాస్త్రవేత్తలే ఇలా చేస్తే పిల్లలకు శాస్త్రీయ దృక్పథం ఎవరు నేర్పుతారన్నది వాళ్ల ప్రశ్న.

మనవాళ్లెవరూ ఆశ్చర్యపోలేదు. ఇక్కడ కొత్త బండి కొన్నా, పెళ్లి శుభలేఖ అచ్చయినా, పిల్లాడికి ఇంజినీరింగు సీటొచ్చినా ముందు కొండకే. రాకెట్టు మాత్రం ఏం పాపం చేసింది! పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు నుంచి వచ్చి తిరుపతి జిల్లాలో చేరింది. కాబట్టి శ్రీహరికోట, తిరుమల రెండూ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. వేంకటేశ్వరుడూ ప్రయోగ వేదికా ఒకే జిల్లా వాస్తవ్యులన్నమాట.

ఈ గొడవ 2023తో మొదలైంది కాదు. పదేళ్ల కిందట, 2013 నవంబరులో మంగళయాన్ ప్రయోగానికి ముందు అప్పటి ఛైర్మన్ రాధాకృష్ణన్ కూడా తిరుమల వచ్చి వెళ్లారు. ఆయన ఇంజినీరే కాదు, కథాకళి కళాకారుడు, కర్ణాటక సంగీతం పాడతారు. దైవభక్తిని దాచుకున్నవారు కాదు. అదే నెలలో భారతరత్న ప్రకటించిన ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్.రావును బెంగళూరులో దీని గురించి అడిగితే, మొహమాటం లేకుండా అది మూఢనమ్మకమే అన్నారు. మనుషులు భయంతో ఇలాంటివి చేస్తారనీ, తనకు జ్యోతిషం మీద నమ్మకం లేదనీ చెప్పారు. ఇద్దరూ పెద్ద శాస్త్రవేత్తలే. ఇద్దరూ ఈ దేశం గర్వపడే పని చేసినవాళ్లే. మరి సైన్సు చదివితే దేవుడి మీద నమ్మకం పోతుందా, పోదా అంటే ఏం చెప్తాం?

వేరుశెనక్కాయల మహిమ

'మన దేశంలోనే ఇట్లాంటివి' అని చప్పరించేవాళ్లు అమెరికా సంగతి కూడా వినాలి. నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఏ పెద్ద ప్రయోగం జరిగినా కంట్రోల్ రూములో వేరుశెనక్కాయల డబ్బాలు తిరుగుతాయి! 1960ల్లో చంద్రుడి మీదికి పంపిన రేంజర్ నౌకలు వరసగా ఆరు విఫలమయ్యాయి. 1964లో ఏడోది పంపే రోజున ఎవరో వేరుశెనక్కాయలు పంచారట. అది గురి తప్పలేదు. అంతే, ఆనాటి నుంచి అక్కడ శెనక్కాయలే ప్రసాదం. పుంగనూరు, మదనపల్లె రైతులకు ఈ సంగతి ముందే తెలిసుంటే చేలల్లో బోర్డులు పెట్టుకునేవాళ్లేమో!

రష్యావాళ్లు ఇంకా నయం. బైకనూరులో రాకెట్టుకు మతగురువు వచ్చి పవిత్ర జలం చల్లుతాడు. వ్యోమగాములు బయల్దేరే ముందు ఒకే పాత సినిమా చూస్తారు. దేవుడు లేడని అధికారికంగా ప్రకటించుకున్న దేశానికి వారసులు వాళ్లు.

ఇస్రోలోనూ ఒక వింత ఉంది. 2009 ఏప్రిల్‌లో పీఎస్ఎల్వీ-సీ12 ఎగిరింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎగిరింది సీ14. మధ్యలో సీ13 ఏమైంది? ఆ పేరుతో రాకెట్టే లేదు. తమాషా ఏంటంటే పదమూడు మన పంచాంగంలో చెడ్డ అంకె కానే కాదు. త్రయోదశి నాడు శుభకార్యాలు చేసుకునేవాళ్లు బోలెడుమంది. అది పడమటి దేశాల భయం. నమ్మకాలు కూడా దిగుమతి అవుతాయని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇవన్నీ చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఏళ్ల తరబడి వేలమంది పడ్డ కష్టం ఇరవై నిమిషాల్లో తేలిపోయేటప్పుడు మనిషికి గుండె దడ ఉంటుంది. ఆ దడకు ఒకరు శెనక్కాయలు నములుతారు, ఒకరు గోవిందా అంటారు. ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. చిక్కంతా ఆ నమ్మకం లెక్కల్లోకి దూరితేనే.

మరి దూరిందా?

రాహుకాలం చూస్తారా?

ఇస్రో రాహుకాలంలో రాకెట్లు వదలదనీ, మంగళవారం అసలు ముట్టుకోదనీ చాలా ఏళ్లు ప్రచారం ఉండేది. మంగళయాన్‌తో మంగళవారం ముచ్చట తీరిపోయింది. దాన్ని నిజానికి 2013 అక్టోబరు 28న పంపాలనుకున్నారు. రాకెట్టు కదలికలను పసిఫిక్ మహాసముద్రంలోంచి గమనించాల్సిన ఓడ ఒకటి వాతావరణం బాగాలేక చోటికి చేరడం ఆలస్యమైంది. దాంతో ప్రయోగం నవంబరు 5కు మారింది. అది మంగళవారం! మధ్యాహ్నం 2.38కి లేచింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 24న నిక్షేపంగా అంగారకుడి కక్ష్యలోకి చేరింది. అయితే క్యాలెండరు గోడకు కొట్టుకున్న ఇళ్లల్లో వెంటనే ఇంకో మాట వినబడింది. మంగళవారం రాహుకాలం మూడింటికి కదా, ఇరవై రెండు నిమిషాల ముందే వదిలేశారు చూశారా అని!

కాబట్టి ఈ సంగతి క్యాలెండరుతోనే తేల్చుకుందాం. అందరిళ్లల్లో ఉండేదే. వైఫల్యాలు తీసుకోండి. 2010 ఏప్రిల్ 15న జీఎస్ఎల్వీ-డీ3 సముద్రంలో పడింది. గురువారం, సాయంత్రం నాలుగున్నర కావస్తుండగా లేచింది. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. అప్పటికే దాటిపోయింది. అదే ఏడాది డిసెంబరు 25న జీఎస్ఎల్వీ-ఎఫ్06 గాల్లోనే పేలిపోయింది. శనివారం సాయంత్రం నాలుగు దాటాక. శనివారం రాహుకాలం పొద్దున తొమ్మిదికే మొదలై పదిన్నరకు ముగుస్తుంది. 2017 ఆగస్టు 31, గురువారం రాత్రి ఏడు గంటలు, పీఎస్ఎల్వీ-సీ39. 2021 ఆగస్టు 12, గురువారం తెల్లవారుజాము, జీఎస్ఎల్వీ-ఎఫ్10. 2025 మే 18, ఆదివారం ఇంకా ఆరు కాకముందే, పీఎస్ఎల్వీ-సీ61. ఇందులో ఒక్కటి కూడా రాహుకాలంలో లేచింది కాదు. అన్నీ విఫలమయ్యాయి. రాహువు వీటి జోలికే రాలేదు, పాపం.

ప్రయోగ సమయం ఎలా కుదురుస్తారో తెలిస్తే ఈ అనుమానం ఇంకా తగ్గుతుంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాలు రోజూ ఒకే ఎండలో, ఒకే నీడలో చూడాలి. అందుకే వాటిలో చాలావాటిని పొద్దున తొమ్మిదీ పది ప్రాంతంలో పంపుతారు. చంద్రయాన్-3 దిగాల్సిన చోట అప్పుడే తెల్లవారుతూ ఉండాలి. ఎందుకంటే సౌరపలకల మీద నడిచే ల్యాండరుకు అక్కడి ఒక పగలే, అంటే మన లెక్కలో 14 రోజులే ఆయుష్షు. అక్కడి సూర్యోదయం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఇక్కడి ప్రయోగం తేదీ తేలింది. 2014 జూన్ 30న పీఎస్ఎల్వీ-సీ23ని మూడు నిమిషాలు ఆలస్యంగా వదిలారు. దారిలో అంతరిక్ష చెత్త ఎదురయ్యే ప్రమాదం ఉందని తేలింది కాబట్టి. దుర్ముహూర్తం ఉంటే ఇదే!

కూలినప్పుడు ఏం రాస్తారు?

గెలిచినప్పుడు ఎవరైనా 'అంతా స్వామి దయ' అంటారు. ఓడినప్పుడు ఏం చేస్తారన్నదే అసలు సంగతి.

1979 ఆగస్టు 10. శ్రీహరికోట నుంచి మన మొదటి ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్ఎల్వీ-3. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. చివరి నిమిషాల్లో కంప్యూటరు ఆపమంది. చుట్టూ ఉన్న నిపుణులు ఫరవాలేదన్నారు. కలాం కంప్యూటరును పక్కనపెట్టి ముందుకే వెళ్లారు. ఆ సంగతి తర్వాత తనే చాలా సభల్లో చెప్పుకున్నారు. రాకెట్టు కక్ష్యకు బదులు బంగాళాఖాతం చేరింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం బిగుసుకుపోయి ఆమ్లం కారిపోయిందని పరిశీలనలో తేలింది. విలేకరుల ముందుకు కలాంను పంపకుండా ఛైర్మన్ సతీశ్ ధావన్ తానే వెళ్లి బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న విజయం వచ్చినప్పుడు మాత్రం విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. కలాం కూడా దైవాన్ని నమ్మిన మనిషే. అయినా కవాటం సంగతి కవాటం దగ్గరే తేల్చుకున్నారు.

1993లో మొదటి పీఎస్ఎల్వీ పడిపోతే కంప్యూటరు ప్రోగ్రాములో తప్పు దొరికింది. 2010 ఏప్రిల్‌లో క్రయోజెనిక్ ఇంజినుకు ఇంధనం తోసే టర్బో పంపు ఆగిపోయింది. డిసెంబరులో ఆదేశాలు మోసే కనెక్టర్లు ఊడిపోయాయి. 2017లో ఉపగ్రహాన్ని కప్పి ఉంచే కవచం విచ్చుకోలేదు. 2025 మేలో మూడో దశలో పీడనం పడిపోయింది. ఇస్రో బయటపెట్టిన కారణాలన్నీ ఇలాంటివే. పూజలో లోపం జరిగిందనీ, మొక్కు తీర్చలేదనీ ఎక్కడా లేదు. కొండకు వచ్చినవాళ్లే వెనక్కి వెళ్లి రాసిన నివేదికలివి!

'మరైతే పోవడం ఎందుకు?' అని అడిగేవాళ్లకు సోమనాథ్ తనదైన జవాబిచ్చారు. 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగాక కేరళలో ఓ గుడికి వెళ్లినప్పుడు విలేకరులు అడిగితే, తాను అన్వేషకుణ్ననీ, బయటి ప్రపంచం కోసం సైన్సు, లోపలి ప్రపంచం కోసం గుడి అనీ అర్థం వచ్చేలా చెప్పారు. ఒక మనిషిగా ఆయన మాటను కాదనడానికి ఎవరికీ హక్కులేదు. కాకపోతే సోమనాథ్ గుడికి పోవడం వేరు, ఇస్రో గుడికి పోవడం వేరు. రాకెట్టు అందరి డబ్బుతో కట్టింది. అందులో శ్రీవారి భక్తులతోపాటు అల్లాను కొలిచేవాళ్లు, యేసును నమ్మేవాళ్లు, ఎవర్నీ నమ్మనివాళ్లు కట్టిన పన్నూ ఉంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల బాధ్యతల్లో ఒకటని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం కూడా. బొమ్మను ఇంట్లో పెట్టి, మనిషి మాత్రం కొండకు వచ్చి దండం పెట్టుకుంటే సి.ఎన్.ఆర్.రావుకూ కోపం వచ్చేది కాదేమో.

ఒక గ్రహణం, రెండు గుళ్లు

రాకెట్టు సంగతి ఏడాదికి నాలుగైదుసార్లే. గ్రహణం వస్తే మాత్రం వాదన నేరుగా వంటింట్లోకే వస్తుంది.

2022 నవంబరు 8న చంద్రగ్రహణం. తిరుమలలో పొద్దున మూసిన తలుపులు రాత్రి ఏడు దాటాకే తెరిచారు. తిరుపతిలో చంద్రుడు ఉదయించేసరికే గ్రహణం చివరి దశకు వచ్చేసింది. మనకు కనిపించింది అరగంట పైచిలుకే. అదే సమయంలో నలభై కిలోమీటర్లలోపు దూరంలో ఉన్న శ్రీకాళహస్తిలో గుడి బార్లా తెరిచి ఉంది. పైగా ప్రత్యేక అభిషేకాలు! అక్కడి స్వామి కవచంలో నవగ్రహాలు, ఇరవై ఏడు నక్షత్రాలు ఉన్నాయనీ, రాహుకేతువులు ఆయనకు లొంగి ఉంటారనీ, అందుకే గ్రహణదోషం అంటదనీ చెబుతారు. రాహుకేతు పూజలకు దేశం నలుమూలల నుంచీ జనం వచ్చే గుడి అది.

ఒకే నీడ. ఒక గుడి మూస్తుంది, ఒక గుడి తెరుస్తుంది. రెండుచోట్లా భక్తులు తృప్తిగా ఇంటికి వెళతారు. ఆచారానికి ఆచారమే సమాధానం. దానికి సైన్సు సాక్ష్యం అక్కర్లేదు, అడగాల్సిన పనీ లేదు. నీడ ఎలా పడుతుందో మాత్రం రెండు గుళ్లవాళ్లకూ తెలుసు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు భూమి నీడ, చంద్రుడి నీడ అని విడమరచి చెప్పాడు. ఆయన పేరే 1975లో మన మొదటి ఉపగ్రహానికి పెట్టుకున్నాం.

తిరుపతి మనిషికి ఇందులో ఏ ఇబ్బందీ కనిపించదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే ఇదిగో, ఇలాంటిచోట. చిత్తూరు పక్క పల్లెల్లో గ్రహణంనాడు మీరూ వినే ఉంటారు ఈ మాటలు:

"ఒరే అబ్బయా, ఆ ఊరగాయ జాడీ మీద దర్భ పెట్నావా లేదా?"

"పెట్టినాలే అవ్వా. ఆ దర్భ ఏం జేస్తాది?"

"ఏం జేస్తాదో నీకెందుకు? మా అత్త పెట్టింది, నేనూ పెడతాండా. ఇట్ల రా, రోకలి నిలబెట్టినా చూడు. పళ్లెంలో నీళ్లుబోసి పెడితే ఎట్ల నిలబడిందో! గ్రహణం పట్టింది గాబట్టే. విడిచినంక అదే పడిపోతాది."

ఈ రోకలి మన పల్లెల్లో గ్రహణానికి గడియారం. టీవీవాళ్లూ వచ్చి తీసుకుపోతారు. అవ్వ చెప్పిన మాటలో రెండు భాగాలున్నాయి. మా అత్త పెట్టింది కాబట్టి పెడతానన్నది ఒకటి. దానితో ఎవరు వాదిస్తారు? అది ప్రేమ, అలవాటు, పెద్దల జ్ఞాపకం. గ్రహణం పట్టింది కాబట్టే రోకలి నిలబడిందన్నది రెండోది. ఇది పరీక్షకు నిలబడాల్సిన మాట. మర్నాడు గ్రహణం లేనప్పుడు అదే పళ్లెం, అదే రోకలి తెచ్చి ఓపిగ్గా నిలబెట్టి చూస్తే తేలిపోతుంది. రోకలి పొన్ను చదునుగా ఉండి, నేల సమంగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. జనవిజ్ఞాన వేదికవాళ్లు ఎన్నో ఊళ్లలో నిలబెట్టి చూపించారు. గ్రహణం వేళ వీధిలో కూర్చుని ఉప్మా తిని చూపించారు కూడా.

గర్భిణిని చీకటి గదిలో గంటలతరబడి కదలకుండా, మంచినీళ్లు కూడా లేకుండా కూర్చోబెట్టడం కూడా ఆ రెండో రకం మాట మీద ఆధారపడిందే. రోకలి నిలబడినా పడినా పోయేదేం లేదు. కడుపుతో ఉన్న మనిషికి నీళ్లు మానిపిస్తే పోయేది ఉంది.

గాలిని చూసినావా?

దేవుడి మీద వాదన మొదలైతే రచ్చబండ దగ్గర ముందుగా వచ్చే ప్రశ్న 'దేవుణ్ని చూసినావా?' దానికి తాతల కాలం నుంచీ ఒకటే జవాబు. 'గాలిని చూసినావా మరి?'

బ్రహ్మాండమైన జవాబే కానీ, మన జిల్లాలో దానికో చిక్కుంది. చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో పాకాల దగ్గర గాదంకి ఉంది కదా. అక్కడ అంతరిక్ష శాఖ 1990ల మొదట్లో పెద్ద రాడారు పెట్టింది. పొలంలో నాటినట్టు వరసలుగా 1024 యాంటెన్నాలు. అవి చేసే పనే గాలిని చూడటం! మన నెత్తిమీద కిలోమీటర్ల ఎత్తులో ఏ గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో పగలూ రాత్రీ కొలుస్తాయి. అంటే కంటికి కనబడకపోయినా ఉన్నదాన్ని పట్టుకోవడానికి సైన్సుకు దారులున్నాయి.

దేవుణ్ని పట్టే రాడారు ఉందా అంటే, లేదు. దాన్నిబట్టి లేడనాలా? 'లేడు' అనే నాస్తికుడు రుజువు చూపాల్సింది ఉన్నాడనేవాళ్లే అంటాడు. 'ఉన్నాడు' అనే భక్తుడు ఆయన కొలతలకు అందడంటాడు. కొలతకు అందనివాడని చెప్పిన నోటితోనే 'మొక్కుకున్నాను కాబట్టి పరీక్ష పాసయ్యాను' అంటే మాత్రం ఆ మాట మళ్లీ కొలతలోకి వస్తుంది. మొక్కుకుని ఫెయిలైనవాళ్లనూ లెక్కపెట్టాలి మరి. రాకెట్టు ఎగిరింది కాబట్టి దేవుడున్నాడనడం ఎంత తొందరో, కూలింది కాబట్టి లేడనడమూ అంతే తొందర.

తెలుగునాట ఈ వాదనకు వయసు చాలానే ఉంది. వృక్షశాస్త్రం చెప్పే గోరా నాస్తికత కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్.కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంతటి నాస్తికుడూ గాంధీజీ దగ్గరికి వెళ్లి ఆశ్రమంలో ఉండి మరీ వాదించారు. ఇద్దరూ మారలేదు, ఒకరినొకరు వదులుకోనూ లేదు. ఇప్పుడు కుటుంబ వాట్సప్ గ్రూపుల్లో బావా బావమరుదులు ఇదే మాట మీద గ్రూపు వదిలి పోవడం చూస్తే నవ్వొస్తుంది.

వాదన కోర్టుకూ ఎక్కింది. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో 'జ్యోతిర్విజ్ఞానం' పేరుతో కోర్సులు పెట్టమంది. హైదరాబాద్‌లో సీసీఎంబీని నిలబెట్టిన శాస్త్రవేత్త పి.ఎం.భార్గవ దానిమీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004 మేలో అక్కడా కొట్టేశారు. చదువుల విషయం నిపుణుల సంఘాలు చూసుకోవాలనీ, ఇష్టమైనవాళ్లే చదివే కోర్సనీ కోర్టు అంది. మన తిరుపతి సంస్కృత విద్యాపీఠంలో జ్యోతిషం ఎప్పటి నుంచో శాస్త్రంగా బోధిస్తూనే ఉన్నారు. భార్గవ గొడవల్లా దానికి సైన్సు చీటీ అతికించడం మీద. ఆయన ఓడిపోయారు కానీ ఆ ప్రశ్న న్యాయమైనదే. పంచాంగం గ్రహణం వేళ చెప్పడం గణితం. గ్రహణం ఏ రాశివాళ్లకు చెడు చేస్తుందో చెప్పడం గణితం కాదు. ఒకే పుస్తకంలో అచ్చయినంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

భక్తులకు ఈ తేడా తెలియదనుకుంటే పొరపాటు. 2024 సెప్టెంబరులో శ్రీవారి లడ్డూ నెయ్యి మీద వివాదం రేగినప్పుడు గుర్తుందా? నిజమెవరిదన్నది పక్కనపెట్టండి. ఏ పక్షం వారైనా చేతిలో పట్టుకున్నది గుజరాత్ ఆనంద్‌లోని ల్యాబ్ నివేదిక. వాదన అంతా ఆ కాగితంలో అంకెల మీదే. ప్రసాదం పవిత్రతను తేల్చడానికి భక్తులే ప్రయోగశాలను సాక్షిగా పిలిచారు. దేవుడే చూసుకుంటాడులే అని ఊరుకున్నవాళ్లు తక్కువ.

మదనపల్లె

ఇదంతా సరదా వాదన అనుకునే వీల్లేకుండా చేసిన రోజొకటి ఉంది. 2021 జనవరి 24. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఓ ఇంట్లో తల్లిదండ్రుల చేతుల్లోనే ఇద్దరు కూతుళ్లు చనిపోయారు. మళ్లీ బతికొస్తారన్న నమ్మకం అక్కడ పనిచేసిందని పోలీసులు చెప్పారు. ఆ తల్లిదండ్రులు నిరక్షరాస్యులు కారు. పెద్ద చదువులు చదివినవాళ్లు. అందులో మానసిక అనారోగ్యం పాలు ఉందని వైద్యులు చెప్పిన మాట కూడా మరవకూడదు. దాన్ని దేవుడి ఖాతాలో వేయడం అన్యాయం. అయితే ఆ వారమంతా జిల్లాలో ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న. ఇంత చదువుకుని ఎట్లా నమ్మారు?

చదువు దానంతటదే కాపాడదు. ఫార్ములాలు పరీక్ష హాలు వరకే పనికొచ్చి, ఇంట్లోకి రాగానే చెప్పులతోపాటు గుమ్మం బయటే ఆగిపోతే సైన్సు డిగ్రీ కూడా గోడమీద పటమే. 'ఇది తప్పయితే నాకు ఎలా తెలుస్తుంది?' అని ఇంట్లో ఎవరో ఒకరు అడగగలగాలి. అడిగినవాణ్ని 'నోర్ముయ్, పాపం' అనకుండా ఉండాలి.

విచిత్రం చూడండి, అదే మదనపల్లెలో 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టారు. దివ్యజ్ఞాన సమాజంవాళ్లు ఆయన్ను జగద్గురువును చేయాలని చిన్నప్పటి నుంచీ పెంచారు. ఆయన కోసం ఒక సంస్థే కట్టి వేలమంది సభ్యుల్ని చేర్చారు. 1929లో హాలండ్‌లో ఆయన లేచి నిలబడి ఆ సంస్థను రద్దు చేసేశారు. నన్ను నమ్మొద్దు పొమ్మన్నారు! దేవుడున్నాడని నమ్మడం, లేడని నమ్మడం రెండూ మనం పెరిగిన తీరు నేర్పినవేనని ఆ తర్వాత జీవితమంతా చెబుతూ వచ్చారు. చివరి దశలో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో గంటల కొద్దీ మాట్లాడారు. మదనపల్లె పక్కనే ఉన్న రిషివ్యాలీ బడి ఆయన పెట్టిందే. ఆ బడి గురించి దేశమంతా తెలుసు. మన జిల్లాలో ఎన్ని ఇళ్లల్లో తెలుసో చెప్పలేం.

అవ్వలకూ మనవళ్లకూ ఈసారి పెద్ద పరీక్షే రాబోతోంది. 2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. రాత్రి పది దాటాక చంద్రుడు నిండా నీడలో మునిగి ఉంటాడు. మనకు చక్కగా కనిపిస్తుంది. కొత్త సంవత్సరం దర్శనానికి తిరుమల కిటకిటలాడే రాత్రి అది. ఆనవాయితీ ప్రకారమైతే కొండమీద తలుపులు మూస్తారు, కాళహస్తిలో తెరుస్తారు. మేడ మీద కేకు కోయాలా వద్దా అని ఇళ్లల్లో గొడవ తప్పదు. రోకలి ఇంట్లో ఉన్నవాళ్లు ముందురోజే ఒకసారి నిలబెట్టి చూసుకోండి.